పూల అంచు తీసేసిన కాగితం

హిందూపురంలో బెల్లం మండీల వెనక సందులో ఒక చిన్న అచ్చాఫీసు ఉండేది. అందులో అక్షరాలు పేర్చే కంపోజిటరు రామలింగయ్య. ఆయన చేతిలో పడితే శుభలేఖ కళకళలాడుతుందని మడకశిర దాకా పేరు. పెండ్లివాళ్లు యజమానితో మాట్లాడి ఊరుకునేవాళ్లు కాదు. లోపలికి తొంగిచూసి, "రామలింగయ్యే కదప్పా చేసేది?" అని రూఢి చేసుకుని పోయేవాళ్లు.

ఆయన సొంతూరు చెన్నేకొత్తపల్లి పక్కన. నాలుగెకరాల మెట్ట, ఇద్దరు అన్నలు. వాన నమ్ముకుని ముగ్గురు బతకలేరని చిన్నవాడైన రామలింగయ్య పద్దెనిమిదేళ్లప్పుడు హిందూపురం వచ్చి అచ్చాఫీసులో చేరాడు. పదేళ్లలో పని అంతా వంటబట్టింది. కంపోజిటరు అక్షరాలను తలకిందులుగా చూస్తూ పేరుస్తాడు. చేయి తనంతట తాను గూట్లోకి పోయి 'క' తెస్తుంది, 'మ' తెస్తుంది, కిందికి తగిలించాల్సిన ఒత్తు తెస్తుంది. కొన్నాళ్లకు మాటలు కనబడడం మానేస్తాయి. నలుపు ఎక్కడ ఎక్కువైంది, తెలుపు ఎక్కడ తక్కువైంది, వరస ఎక్కడ వంగింది, అదే కంటికి ఆనుతుంది. రామలింగయ్య కూడా ఏళ్ల తరబడి వేల కాగితాలు పేర్చాడే తప్ప, వాటిని చదివింది తక్కువ. ఆ సంగతి ఆయనకు ముప్పై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు.

పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో నారాయణశెట్టి అనే వ్యాపారి బజారులో ఆయిల్ ఇంజిన్ల అంగడి తెరిచాడు. పల్లెలకు ఇంకా కరెంటు రాలేదు. బావుల్లో నీళ్లున్నా ఎద్దులతో కపిల తోలి, బానలకొద్దీ నీళ్లు పైకి లాగి లాగి జనం విసిగి ఉన్నారు. ఇంజిన్లు బాగానే అమ్ముడుపోయాయి. వాటితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. శెట్టి ఒక రిటైరైన అయ్యవారిచేత అందులో ముఖ్యమైన భాగం తెలుగులో రాయించి అచ్చాఫీసుకు తెచ్చాడు.

"ఒక పక్కనే పట్టల్ల రామలింగా. చూస్తానే మా అంగడి పేరు చెప్పుకోవల్ల," అన్నాడు.

అయ్యవారు రాసిన కాగితంలో ఇంజిను స్టార్టు చేసే విధానం ఏడు అంశాలుగా ఉంది. నాలుగో అంశం దగ్గర ఒక పొడుగాటి వాక్యం అడ్డం పడింది. హ్యాండిలు తిప్పకముందు దాన్ని తగిలించే ఇరుసుకు నూనె రాయాలి, బొటనవేలు పిడికిలి చుట్టూ వేయకూడదు, ఇంజిను అందుకోగానే హ్యాండిలు లాగేయాలి. ఆ వాక్యంతో నాలుగో అంశం మిగతావాటికన్నా మూడింతలు లావైంది. రామలింగయ్యకు అది కంట్లో నలుసులా తోచింది. అటూ ఇటూ జరిపి చూశాడు. చివరికి అలాంటి హెచ్చరికలన్నీ ఏరి, అడుగున 'గమనికలు' అని ఒకచోట చేర్చాడు. చోటు చాలక చిన్న టైపు వేశాడు. చిన్నగా ఉన్నదాన్ని అందంగా చూపించాలని దాని చుట్టూ శుభలేఖలకు వాడే పూల అంచు కట్టాడు. ఏడు అంశాలూ ఏడు సమానమైన వరసలుగా, పైన శెట్టి అంగడి పేరు విల్లులా వంగి, కింద పూలు. ప్రూఫు చూసి శెట్టి మురిసిపోయాడు. "దేవుడి పటంతో పాటు గోడకు తగిలించచ్చు," అన్నాడు.

రెండు నెలల తర్వాత శెట్టి మళ్లీ అదే కాగితం ఇంకో వెయ్యి కావాలని వచ్చాడు. మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాడు.

"సోమందేపల్లి దగ్గర చెన్నప్ప అని ఒకాయన, మన ఇంజినే కొనింది, హ్యాండిలు తగిలి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఏం చేస్తాం? కాగితం ఇచ్చినా సదవకపాయ."

శెట్టి వెళ్లిపోయాక రామలింగయ్య చేతిలోని అక్షరాలు పేర్చే స్టిక్కు పక్కన పెట్టి, పాత కాగితాల కట్టలోంచి అయ్యవారి రాతప్రతి తీశాడు. నాలుగో అంశం చదివాడు. తర్వాత తాను అచ్చువేసింది తీసి చదివాడు. పేర్చేటప్పుడు కాకుండా, మామూలు మనిషిలా దాన్ని చదవడం అదే మొదటిసారి. 'హ్యాండిలును గట్టిగా పట్టుకొని వేగముగా త్రిప్పవలెను' అని నాలుగో వరస చెబుతోంది. బొటనవేలి ముచ్చట అడుగున ఎక్కడో ఉంది. చదివినవాడు అక్కడికి చేరేలోపల ఇంజిను తిరుగుతూ ఉంటుంది.

ఆ సాయంత్రం భార్య వెంకటలక్ష్మమ్మతో ఈ సంగతి చెప్పాడు. ఆమె వక్కలు కత్తిరిస్తూ అంతా విని, "నువ్వేమన్నా తప్పు రాసినావా?" అని అడిగింది.

"రాయలేదు. ఉన్నిందే వేస్తి. యాడ ఉండల్లనో ఆడ వేయలేదు."

"అయితే పోయి చూసి రా," అందామె.

ఆదివారం పెనుకొండ బస్సెక్కి సోమందేపల్లిలో దిగాడు. రోడ్డు మీద సోడా అంగడిలో అడిగితే దారి చెప్పారు. రెండు మైళ్లు నడిచి చెన్నప్ప తోట చేరాడు. చెన్నప్పకు నలభై అయిదేళ్లుంటాయి. కుడిచేతికి వెదురుబద్దలు కట్టి, మెడనుంచి గుడ్డతో వేలాడదీసుకుని, బావిగట్టున కూర్చున్నాడు. పక్కన ఇంజిను గోనెపట్ట కప్పుకుని ఉంది. ఎద్దులను ఇంజినుకోసం అమ్మేశాడు. చెయ్యి విరిగింది. మిరపనారు ఎండిపోతూ ఉంది. ఆయన భార్య యల్లక్క బావిలోంచి కడవలతో నీళ్లు తోడి పోస్తోంది.

అచ్చాఫీసునుంచి వచ్చానని చెప్పగానే చెన్నప్ప నవ్వాడు. "ఏమప్పా, కాగితం వేసినోడివి నువ్వేనా? బో అందంగా ఉండాది. ఇంట్లో పెట్టినాం చూడు."

"అన్నా, ఆరోజు ఏం జరిగిందో చెప్తావా?"

"నేను మూడో తరగతి దాకా సదివినోడ్ని. అక్షరం అక్షరం కూడబలుక్కోవల్ల. కాగితం ఈ రాయి కింద పెట్టుకుంటి. ఒక వరస సదివేది, చేసేది. ఇంకో వరస సదివేది, చేసేది. డీజిలు పోస్తి. నీళ్లు పోస్తి. ఆ మీది లీవరు ఎత్తితి. గట్టిగా పట్టుకుని తిప్పమనింది, గట్టిగా పట్టుకుంటి." ఎడమచేత్తో పిడికిలి బిగించి చూపించాడు. బొటనవేలు మిగతా వేళ్లమీద కప్పుకుని ఉంది. "లీవరు దించమనింది, దించితి. ఇంజిను అందుకునింది. హ్యాండిలు ఊడి రాలేదు. వేలు ఇరుక్కుపోయె. ఒక్క సుట్టు తిప్పి కొట్టింది సూడు. నువ్వు రాసినట్లే చేస్తినప్పా."

ఆ చివరి మాటలో కోపం లేదు. తాను బుద్ధిగా ఉన్నానని చెప్పుకోవడమే ఉంది.

"అడుగున గమనికలని ఉండాది కదా అన్నా. అది సదవలేదా?"

చెన్నప్ప ఆశ్చర్యపోయాడు. "పూలు సుట్టి ఉండేదా? అది అంగడోళ్ల పేర్లనుకుంటి. పెండ్లి పత్రికల్లో కింద సుట్టాల పేర్లు ఉంటాయే, అట్ల."

రామలింగయ్య మొత్తం చెప్పాడు. రాసిన అయ్యవారు సరిగానే రాశారని, ఆ మాటను కిందికి దించింది తానేనని, వరసలు సమానంగా ఉండాలని దించానని చెప్పాడు. యల్లక్క కడవ దించి వింటూ నిలబడింది. అంతా విని ఆమె అంది.

"ఇంజినుకు పూలెందుకప్పా?"

రామలింగయ్య చొక్కా విప్పి ఆమె దించిన కడవ అందుకున్నాడు. పొద్దు వాలేదాకా నీళ్లు తోడాడు. తర్వాత మూడు ఆదివారాలు అలాగే పోయి తోడాడు.

సోమవారం యజమానికి విషయం చెప్పాడు. ఆయన, "నీ నోటితో నువ్వు చెప్పుకోవద్దు. ఎవరూ అడగలేదు కదా," అన్నాడు. రామలింగయ్యకు అది మింగుడుపడలేదు. నేరుగా శెట్టి అంగడికి పోయి, వెయ్యి కాగితాలు ఇప్పుడే వేయనని, ఎందుకు వేయడంలేదో కూడా చెప్పాడు. శెట్టి మొదట మండిపడ్డాడు. తన అంగడి పేరు పోయిందన్నాడు, వేరే అచ్చాఫీసు చూసుకుంటానన్నాడు. కేకలన్నీ అయిపోయాక, "సరే, ఎట్ల వేస్తే చెయ్యి విరగదో అట్ల వెయ్యి," అన్నాడు.

అది ఎలాగో రామలింగయ్యకు తెలియదు. హెచ్చరికను తిరిగి నాలుగో అంశంలోకి ఎక్కించాడు. అది సరిపోతుందనుకున్నాడు. శెట్టి గోరంట్లలో కొత్తగా ఇంజిను కొన్న ఓబులేసు అనే రైతు దగ్గరికి ఆయనను పంపాడు. ప్రూఫు ఓబులేసు చేతికిచ్చి, రామలింగయ్య నోరు మెదపకుండా దూరంగా కూర్చున్నాడు. మాట సాయం చేయాలని నాలుక పీకుతున్నా ఆపుకున్నాడు.

ఓబులేసు ఒక అంశం చదివి ఇంజినువైపు వంగాడు. పని చేసి మళ్లీ కాగితంవైపు తిరిగాడు. ఇంతకుముందు ఎక్కడ ఆపాడో దొరకలేదు. వేలితో మొదటినుంచి వెతుక్కున్నాడు. చేతికి నూనె ఉంది, వేలు పడినచోటల్లా మచ్చ అయింది. మూడోసారి వెతికేటప్పుడు ఒక అంశం దాటిపోయి కిందిది అందుకున్నాడు. లీవరు ఎత్తలేదు. హ్యాండిలు కదలక వెనక్కి తన్నుతూ ఉంటే, "ఏమబ్బా ఇది, మొండికేస్తాండాదే," అన్నాడు. అప్పుడు రామలింగయ్య లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

బస్సులో తిరిగి వస్తూ చాలాసేపు ఆలోచించాడు. శుభలేఖను కూర్చుని చదువుతారు. ఒక్కసారి చూసి, తేదీ చూసుకుని, ఎత్తిపెడతారు. ఈ కాగితాన్ని అలా ఎవరూ చదవరు. మనిషి దీన్ని వదిలి పోయి, పని చేసి, తిరిగి వస్తాడు. పోయిన ప్రతిసారీ తిరిగి వచ్చే దారి ఉండాలి. తనకు ఇన్నాళ్లూ కాగితం అంటే గోడమీది బొమ్మ. దాన్ని వాడుకునేవాడికి అది నడిచే బాట.

ఆ తర్వాత ఆయన చేసిన మార్పులు చూస్తే చిన్నవే. అంశాల సంఖ్యలను వాక్యంలోంచి బయటికి లాగి, ఎడమవైపు ఖాళీలో శుభలేఖల శీర్షికలకు వాడే పెద్ద టైపుతో వేశాడు. ఒక సంఖ్య కింద ఒకే పని. 'త్రిప్పవలెను' పోయి 'తిప్పండి' వచ్చింది. అరిగిపోయిన ఒత్తులున్న చిన్న టైపు వాడలేదు, ఎందుకంటే కూడబలుక్కునేవాడికి ఒక ఒత్తు కనబడకపోతే మాటే మారిపోతుంది. హెచ్చరికకు విడిగా ఒక పెట్టె కట్టాడు. నాలుగు పక్కలా లావు గీత, ఒక్క పువ్వు కూడా లేదు. దాన్ని తిప్పే పనికి ముందు పెట్టాడు. పని పని మధ్య ఒక వేలు పట్టేంత తెలుపు వదిలాడు.

హెచ్చరిక పక్కన ఒక బొమ్మ కావాలనిపించింది, అది మాత్రం ఆయనకు చేతకాలేదు. పిడికిలి ఎలా పట్టాలో మాటల్లో రాస్తే నాలుగు వరసలైనా తెమలడంలేదు. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసే పాండురంగ అనే ఆయన ఇంతకుముందు ఒకసారి లేబుళ్ల పనిమీద అచ్చాఫీసుకు వచ్చాడు. రామలింగయ్య రైలెక్కి ఆయన దగ్గరికి పోయాడు.

పాండురంగ యాభై దాటినవాడు, నిదానస్తుడు. సంగతి విని వెంటనే ఒక చెయ్యి గీసి ఇచ్చాడు. గోళ్లు, గీతలు, వేలికి ఉంగరం, చొక్కా మడత అన్నీ ఉన్నాయి. చాలా బాగుంది. రామలింగయ్య దాన్ని ఆయనవైపే తిప్పి పెట్టాడు.

"పాండురంగన్నా, దీంట్లో మొదట యాడ చూస్తావు?"

పాండురంగ తన బొమ్మ తనే చూసుకుని నవ్వేశాడు. "ఉంగరం."

ఉంగరం పోయింది. చొక్కా పోయింది. గోళ్లు పోయాయి. అయిదో బొమ్మకు పాండురంగకే పట్టుదల వచ్చింది. "అంచులో పువ్వు కనపడల్లంటే సుట్టూ బట్ట వదలల్ల. ఆ లెక్క నాకు తెలిసీ మొదట మరిచిపోతి," అన్నాడు. ఏడో బొమ్మలో హ్యాండిలు, నాలుగు వేళ్లు, వాటి పక్కనే అదేవైపు ఆనుకున్న బొటనవేలు మాత్రం మిగిలాయి. దాన్ని బెంగుళూరు పంపి, అచ్చులో పెట్టేందుకు జింకు రేకు మీద చెక్కిన బ్లాకు చేయించారు.

రామలింగయ్య ప్రూఫు తీసుకుని మొదట చెన్నప్ప దగ్గరికే పోయాడు. అప్పటికి కట్లు విప్పారు. మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. చెన్నప్ప ప్రూఫును రాయి కింద పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కో పని చేసుకుంటూ వచ్చాడు. పెట్టె దగ్గరికి వచ్చి ఆగాడు. చదివాడు. బొమ్మ చూసి తన బొటనవేలిని తీసి పక్కకు పెట్టుకున్నాడు. నూనెడబ్బా అందుకుని ఇరుసుకు రాశాడు. యల్లక్క చీర చెంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. ఇంజిను అందుకుంది. హ్యాండిలు సులువుగా ఊడి చేతికొచ్చింది. కాలువలో నీళ్లు పారాయి.

"ఇది చూసేదానికి బాగలేదప్పా," అన్నాడు చెన్నప్ప చప్పుడులో గొంతు పెంచి. "కానీ ఎవురో పక్కన నిలబడి చెప్తాండినట్ల ఉండాది."

శెట్టికి మాత్రం మొదట నచ్చలేదు. "సగం కాగితం ఖాళీగా ఉండాది. మా పేరేమో ఇంతే వేసినావు," అన్నాడు. ఓబులేసు ఇంజిను కొత్త కాగితంతో ఎవరి సాయం లేకుండా తిరిగిందని విన్నాక మెత్తబడ్డాడు. పాత కాగితాలు ఎవరెవరికి ఇచ్చాడో చిట్టా తీయించి, కొత్తవి ఇంటింటికీ పంపాడు. ఆ పని శెట్టి తనంతట తానే చేశాడని రామలింగయ్య ఎప్పుడూ చెప్పేవాడు.

అప్పటినుంచి శుభలేఖలు వేస్తూనే, చేతితో చేయాల్సిన పని ఏదైనా అచ్చుకు వస్తే రామలింగయ్య దాన్ని వేరేగా చూసేవాడు. ప్రూఫు పట్టుకుని సందు చివర నిలబడి, బండి తోలుకుపోయేవాణ్ణి ఆపి, "అన్నా, ఇది సదివి నన్ను ఇట్ల చేయమని చెప్పు," అనేవాడు. కొందరు పిచ్చోడనుకున్నారు. యజమాని విసుక్కునేవాడు గానీ, ఆ ప్రూఫుల్లో తప్పులు బయటపడడం చూసి అడ్డు చెప్పలేదు.

అరవై నాలుగులో పెనుకొండ బ్లాకు ఆఫీసునుంచి ఒక పని వచ్చింది. వేరుసెనగకు బొంతపురుగు పట్టి చేలు నాశనమవుతున్నాయి. దానిమీద చల్లే పొడిమందు విషం. ఎలా చల్లాలో ఒక కాగితం కావాలి. అధికారి పంపిన రాతప్రతిలో సగం ఆయన సందేశమే ఉంది. రామలింగయ్య ఆఫీసుకు పోయి, చేతులు కట్టుకుని, ఆ సందేశం వెనకవైపు వేస్తే బాగుంటుందని చెప్పాడు. "పురుగు పట్టిన చేనులో నిలబడి సదువుతారు సార్. ఆడ మొదట ఏం కావల్లనో అది ముందుండల్ల." అధికారి ఎగాదిగా చూసి ఒప్పుకున్నాడు.

చదువురాని కూలీల కోసం నాలుగు బొమ్మలు అనుకున్నారు. పాండురంగే గీశాడు. మూతికి గుడ్డ కట్టుకోవడం, గాలికి వీపు పెట్టి మందు చల్లడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, అప్పుడు అన్నం తినడం. పైన రెండు, కింద రెండు, చదరంగా కుదిరాయి. ఈసారి రామలింగయ్యకు ధైర్యంగానే ఉంది. పూలు లేవు, గీతలు సన్నగా లేవు, ఖాళీ సరిపడా ఉంది.

ప్రూఫుతో పెనుకొండ పోయి, ఊరి బయట చేనులో కలుపు తీస్తున్న లక్ష్మీనరసమ్మ అనే పెద్దామెకు ఇచ్చాడు. ఆమెకు అక్షరం ముక్క రాదు. కొంగుతో చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది.

"అవ్వా, ఈ బొమ్మలు ఏం చెప్తాండాయి?"

ఆమె వేలు పెట్టి చూసింది. ఎడమవైపు పై బొమ్మనుంచి వేలు పక్కకు పోలేదు, కిందికి దిగింది. అక్కడినుంచి మళ్లీ పైకెక్కి కుడివైపు బొమ్మ మీద ఆగి, కిందికి దిగింది.

"మూతికి గుడ్డ కట్టుకోమంటాండాది. చేతులు కడుక్కోమంటాండాది. మందు చల్లి, అన్నం తినమంటాండాది," అంది.

మందు చల్లిన చేత్తోనే అన్నం తినమని తన కాగితం చెబుతోంది. చదువు వచ్చిన కన్ను ఎడమనుంచి కుడికి పోతుంది. ఆ అలవాటు లేని కన్ను దాని దారిన అది పోతుంది. ఆమె తప్పు చదవలేదు. తానే నాలుగు బొమ్మలు చదరంగా కుదిరాయని సంబరపడ్డాడు.

గట్టుమీద కూర్చుని జేబులోంచి చిన్న కత్తి తీశాడు. నాలుగు బొమ్మలు కోశాడు. ఒకదాని కింద ఒకటి వరసగా నేలమీద పేర్చి, గాలికి ఎగరకుండా మట్టిగడ్డలు పెట్టాడు.

"ఇప్పుడు సూడవ్వా."

లక్ష్మీనరసమ్మ వంగి పైనుంచి కిందిదాకా వేలు జార్చింది. "ఇప్పుడు అన్నం చేతులు కడిగినాక ఉండాది," అంది. తర్వాత ఆయన ముఖం చూసి, "ఇందాకటిదీ ఇదీ ఒకటే బొమ్మలు కదా నాయనా?" అని అడిగింది.

"అవే అవ్వా," అన్నాడు రామలింగయ్య. "నేనే పెట్టాల్సిన తావులో పెట్టలేదు."

ఆ కాగితం పట్టీలా పొడుగ్గా అచ్చయింది. ఫైలులో పట్టడంలేదని ఆఫీసు గుమాస్తాలు రెండు మడతలు పెట్టుకున్నారు. పల్లెల్లో దానికి మేకు కొట్టి మందుసంచి పక్కన వేలాడదీశారు. ఆ ఏడు వేరుసెనగ కాపు అంతంతమాత్రమే అయింది. పురుగు సగం తిన్నది, వాన సగం ఎగ్గొట్టింది. కానీ ఆ చుట్టుపక్కల మందు చల్లి ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందన్న మాట మాత్రం అచ్చాఫీసు దాకా రాలేదు. రామలింగయ్య చాలా రోజులు పెనుకొండ నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ ఆ సంగతి అడుగుతూనే ఉన్నాడు.